ఊట దగ్గర రెండు వేళలు

ఆకాశంలో ఒక్కోదానికి ఒక్కో దారి గీసి, ఆ దారి తప్పకుండా కాచే తండ్రికి స్తోత్రం. ఈ కొండల్లో నాలాంటి దాన్ని కూడా విడిచిపెట్టని ఆయన కృపకు స్తోత్రం.

మా ఊరు హుకుంపేట అవతల. మొన్న స్త్రీల కూడికలో వాక్యం చెప్పే వంతు నాది. మా అమ్మాయి ఫోనులో చూపించిన సంగతి ఒకటి అందులో చేర్చాను. ప్లూటో తిరిగే దారి ఒకచోట నెప్ట్యూన్ దారి కన్నా లోపలికి వస్తుంది. అయినా ఆ రెండూ గుద్దుకోవు. నెప్ట్యూన్ సూర్యుడి చుట్టూ మూడుసార్లు తిరిగేసరికి ప్లూటో రెండుసార్లు తిరుగుతుంది. ఆ వరస తప్పదు గనక, ప్లూటో అక్కడికి వచ్చే వేళకు నెప్ట్యూన్ ఎప్పుడూ దూరంగానే ఉంటుంది.

"చూశారా, దేవుడు ఎలా కాపాడుతున్నాడో!" అని గొంతెత్తి చెప్పాను.

వెనక చాప మీద కూర్చున్న ముసలమ్మ అందుకుంది. "నివ్వూ మీ అక్కా ఊటకి నీళ్లకి ఎల్లినట్టన్నమాట! ఆవిడ పొద్దు పొడవకముందు, నివ్వు ఎండెక్కినాక. అదీ దేవుడి పనేనేటమ్మా?"

అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ ముఖం కాలిపోయింది.

మా అక్క ప్రార్థనకు రాదు, ఊరి అమ్మవారిని కొలుస్తుంది. చైత్రంలో ఊరంతా అమ్మవారికి చేసే ఇటుకల పండుగనాడు తన ఇంట్లో నాకు అన్నం, కోడికూర వడ్డిస్తే, విగ్రహాలకు పెట్టింది తిననని అందరి ముందూ విస్తరి తోసేశాను. అప్పటినుంచి ఊట దగ్గర ఆమె వేళ ఆమెది, నా వేళ నాది. గొడవ లేదు కదా, దాన్నే శాంతీ సమాధానం అనుకున్నాను. సంఘంలో అలాగే చెప్పుకున్నాను కూడా.

మర్నాడు పొద్దు పొడవకముందే బిందె పట్టుకుని వెళ్లాను. అక్క నీళ్లు ముంచుతోంది.

"ఏటే, నీ టైము మారిపోనాదేటి?" అంది తల తిప్పకుండా.

నేను బిందె కింద పెట్టాను. మళ్లీ ఆమే అంది. "ఆ దినం నీకు వడ్డించింది అమ్మోరికి పెట్టకముందే తీసి పక్కన దాచినానే. నివ్వు తినవని నాకు తెల్దేటి? ఒక్క మాట అడిగినావా?"

వంగి అక్క బిందె ఎత్తి ఆమె నెత్తిన పెట్టాను, అంతే. ఆమె వెళ్లిపోయింది.

ఇది చదువుతున్న అక్కలారా, అన్నలారా, ఒక్క నిమిషం నాతో కలిసి కళ్లు మూయండి. విస్తరి తోసింది నలుగురిలో గనక, క్షమించమనే మాట కూడా నలుగురిలోనే చెప్పే ధైర్యం నాకిమ్మని అడగండి. తండ్రీ, మా అక్కకు దూరంగా ఉంచి నన్ను కాపాడవద్దు. ఆమేన్ అనండి.