జొన్నచేను దగ్గర నాలుగు

కాజీపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తాను. వారమంతా మాస్కు కట్టుకుని గాజు సీసాల మధ్యే గడిచిపోతుంది. ఇంటికొచ్చి తలస్నానం చేసినా సాల్వెంట్ వాసన జుట్టును వదలదు. అందుకే సెలవు రోజున పక్షులను చూడటానికి ఊరు దాటిపోవడం అలవాటు చేసుకున్నాను. మొదట్లో పటేల్‌గూడలో మా డాబా మీద నుంచే చూసేదాన్ని. చుట్టూ అపార్టుమెంట్లు లేచాక పావురాలు తప్ప ఏమీ మిగల్లేదు. నా బాధ చూడలేక మా ఆయన ఒక దుర్భిణి కొనిచ్చాడు. ఆయనకు పక్షుల మీద పెద్ద ఇష్టమేమీ లేదు. స్కూటర్ నడుపుతాడు, నీడ దొరికితే పడుకుంటాడు.

రెండేళ్ల కిందట చలికాలంలో, సెలవు దొరికిన ఒక మంగళవారం పొద్దున్నే హత్నూర వైపు వెళ్లాం. పెద్ద రోడ్డు దిగి కొంత దూరం లోపలికి పోతే ఒక చిన్న చెరువు కనిపించింది. నీళ్లు సగానికి తగ్గి, అంచుల వెంట బురద తేలింది. కట్ట కింద శనగ, ఆ పక్కన జొన్న. మా ఆయన తుమ్మచెట్టు కింద తువ్వాలు పరుచుకున్నాడు. నేను కట్టెక్కాను.

బురదలో పొడవాటి గులాబీ కాళ్ల పిట్టలు. ఒడ్డున కొంగలు. జొన్నచేను గట్టు మీద నల్ల కంకణాలనే పెద్ద పిట్టలు, నెత్తిన ఎర్రటి మచ్చతో, వంకర ముక్కులతో నేలను పొడుచుకుంటూ నడుస్తున్నాయి. ఎక్కడ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను.

"ఎవరు మీరు? ఏం రాస్తున్నరు?"

వెనక్కి తిరిగితే ముగ్గురు మగవాళ్లు, ఒక ఆడమనిషి. ముందున్న పెద్దాయన చేతిలో కర్ర.

"పక్షులను చూస్తున్నానండీ."

"పక్షులా?" పక్కనున్న అతను నవ్వాడు కానీ అది నవ్వులా లేదు. "పక్షులు సూడనీకె గింత దూరమొస్తరా ఎవరన్న? మాటతోనే ఎరుకైతున్నది, మీరు గీ దిక్కోళ్లు కాదని. కంపెనీకి భూములు సూడనీకె వచ్చిండ్రు."

మా నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగానికని కోస్తా నుంచి ఇక్కడికొచ్చాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అయినా మా ఇంటి యాస మారలేదు. ఇంతలో మూడో అతను స్కూటర్ తాళం తీసేసుకున్నాడు. మా ఆయన లేచి కూర్చుని, కళ్లు నలుపుకుంటూ, "నాకేం తెలియదన్నా, అంతా ఆవిడే" అన్నాడు. ఆ మాటను ఇప్పటికీ గుర్తుచేసి దెప్పుతుంటాను. అప్పుడు మాత్రం భయంతో నోట్‌బుక్ మూసి గట్టిగా పట్టుకున్నాను.

ఆ ఆడమనిషి నా చేతిలోని నోట్‌బుక్ లాక్కుంది. పెద్దాయన కోడలు ఆమె. గట్టిగా చదివింది.

"చెరువు తూర్పు, పదిహేడు. కట్ట కింద, ఇరవై రెండు. జొన్నచేను దగ్గర, నాలుగు." ఆ వరుస మీద వేలు పెట్టింది. "మామా, జొన్నచేను మనదే గద! నాలుగెకరాలని గూడ రాసుకున్నరు."

పెద్దాయన కర్ర కిందికి దిగింది. కోపమంతా ఎటుపోయిందో, నా వైపు చూసి మెల్లగా అన్నాడు. "నాలుగే ఉన్నది బిడ్డా మాకు. అది గూడ వోతే ఏం దినాలె?"

నా భయం పోయింది. దుర్భిణి మెడలోంచి తీసి ఆయన చేతికిచ్చాను.

"అవి ఎకరాలు కావు తాతా, పిట్టలు. మీ గట్టు మీద చూడండి."

ఆయన చాలాసేపు వెతికాడు. ముందు ఆకాశం, తర్వాత తుమ్మచెట్టు. చివరికి చెయ్యి ఒకచోట ఆగింది.

"అగో! వంకర ముక్కుది. ఒకటి... రెండు... గడ్డల చాటున ఇంకో రెండు... నాలుగే ఉన్నయ్!" దుర్భిణి కోడలి చేతిలో పెట్టాడు. "నువ్వు సూడు, నాలుగే గద?"

"నాలుగే మామా." ఆమె నోట్‌బుక్ ముందు పేజీలు తిప్పింది. అంతకుముందు వారం నేను గీసిన లకుముకి పిట్ట బొమ్మ కనబడింది. "ఇదేంది, కోడిపిల్లనా?" అని నవ్వింది. బొమ్మలు గీయడం నాకు రాదు. ఆ రోజు అదే మేలైంది.

తాళం తిరిగొచ్చింది. పెద్దాయన కట్ట మీద చతికిలబడ్డాడు.

"సూసి ఏం జేస్తవ్?"

"ఏమీ చెయ్యను తాతా. చూసి ఇంటికి పోతాను."

"గంతేనా!" అన్నాడు. "గంతేనా" అని మళ్లీ అని, కండువాతో మొహం తుడుచుకున్నాడు. కొన్నాళ్లుగా ఎవరో కొలతలకు వస్తారని ఊళ్లో పుకారట. వారం నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదని కోడలు చెప్పింది. మేం బయల్దేరుతుంటే పచ్చి శనగ మొక్కలు పీకి, కట్ట కట్టి స్కూటర్‌కు తగిలించింది. నా ఫోన్ నంబరు కూడా తీసుకుంది.

నెల తిరక్కముందే ఫోన్ చేసింది. నేను ముందు భూముల సంగతే అడిగాను.

"ఎవ్వరు రాలే అక్కా. ఉత్త ముచ్చటేనట. మామ మంచిగ నిద్ర వోతుండు. గది గాదు, చెరువుల బాతులు దిగినయ్, మస్తున్నయ్. మా శనగంత మేస్తున్నయ్. జెర జల్దీ రా. నువ్వు సూసుడు అయినంక మేం ఎల్లగొట్టుకుంటం."

ఆ రోజు నాకు డ్యూటీ ఉంది. సెలవు పెట్టి వెళ్లాను.