ఒక్క కార్డు, ఇద్దరు తోటికోడళ్లు

మా మెట్‌పల్లి దిక్కు సంబంధం చూడవచ్చినవాళ్లు పిల్లకు వంట వచ్చా అని అడిగేవాళ్లు కాదు. బీడీలు చేస్తుందా, కార్డుందా అని అడిగేవాళ్లు. కార్డంటే బీడీ కార్ఖానాలో మన పేరు ఎక్కినట్టు గుర్తు. అది ఉంటే చుట్టే ఆకు, లోపల పోసే తంబాకు మన పేరు మీద ఇస్తారు, పీఎఫ్ కడతారు, ముసలితనంలో పింఛనొస్తుంది. నన్ను చూడవచ్చిన రోజు మా అత్త నా మొహం కంటే నా వేళ్లనే ఎక్కువసేపు చూసింది. తర్వాత చిన్న కొడుక్కి పిల్లను చూసినప్పుడూ అంతే. ఇంటర్ పాసైన పిల్ల. చదువు గురించి మా అత్త ఒక్క ముక్క అడగలేదు. కార్డు మీది ఫొటో ఆ పిల్లదేనా కాదా అని మాత్రం వెలుతురుకు తిప్పి తిప్పి చూసింది.

ఆ పిల్లే నా తోటికోడలు. తంబాకు ఆమెకు పడదు. ఆకు, తంబాకు పోసిన చాట ఒళ్లో పెట్టుకుంటే చాలు, దగ్గు. బిడ్డ పుట్టాక ఇంకా కష్టమైంది. ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకోవాలంటే ముందు లేచిపోయి సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కునేది.

"అక్కా, ఈ బీడీలకెళ్లి నేను ఎట్లనన్న బయటవడాలె" అని రోజూ అనేది. నాకా ఆశ ఎప్పుడో పోయింది. ఆమెకు ఇంకా ఉంది.

ఈలోపల కార్ఖానావాళ్లు ఇచ్చే ఆకు తగ్గుతూ వచ్చింది. నెల మొత్తానికి వచ్చేది సగం నెలకే అయిపోయేది. అప్పుడే వేరే పనుల్లో శిక్షణ ఇచ్చే ఆఫీసువాళ్లు ఫంక్షన్ హాల్లో మీటింగ్ పెట్టారు. కార్డున్నవాళ్లంతా రావాలని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. పోయాం. ఒక సారు మైకు పట్టుకొని, రాబోయే రోజుల్లో ఆర్థిక సవాళ్లు వస్తాయనీ, వాటికి మమ్మల్ని ఇప్పట్నుంచే సిద్ధం చేస్తామనీ చెప్పాడు. మా వెనక ఒక ముసలామె లేచి నిలబడింది.

"సారూ, గవి రాబోయేటియా? మా ఇంట్లకొచ్చి శాన రోజులైంది. మీకు జర ఆలస్యంగ తెలిసినట్టున్నది."

హాలంతా నవ్వింది. సారు కూడా నవ్వాడు, నీళ్లు తాగాడు, మళ్లీ "రాబోయే రోజుల్లో" అన్న దగ్గర్నుంచే మొదలుపెట్టాడు.

నేర్పేది పెద్ద పెద్ద దుకాణాల్లో సామాను అమ్మే పని. నా తోటికోడలు అందరికంటే ముందు పోయి పేర్లు రాసుకునే బల్ల దగ్గర నిలబడింది. బల్ల వెనకున్న అమ్మాయి, "మీకు బీడీ కార్డు ఉందా?" అని అడిగింది. ఉందని ఈమె సంబరంగా చూపించింది.

"అయితే మీకు రాదు మేడమ్. కార్డుంటే పనిలో ఉన్నట్టే. ఇది పని లేనివాళ్లకు."

పని పోతుందని మమ్మల్ని పిలిచారు, పని ఉందని పొమ్మన్నారు. ఈ రెండు మాటలూ ఒకే హాల్లో, ఒకే పూట విన్నాం.

ఆమె ఇంటికొచ్చి, కార్డు వాపసిచ్చేస్తానంది. మా అత్త నెత్తి పట్టుకుంది.

"కార్డును జూసే నిన్ను తెచ్చుకున్నమే! గది ఇచ్చేస్తె ఇగ నీల ఏమున్నది?"

"నేనున్న గద అత్తమ్మా."

"నువ్వుంటె పింఛనొస్తదానే?"

మా మరిది చెప్పులేసుకొని బయటికి నడిచాడు. మాట పెరిగినప్పుడు మా ఇంటి మగవాళ్లకు తెలిసిన విద్య అదొక్కటే. నన్నడిగితే, "నీ మనసుకు తోచినట్టు చెయ్యి పిల్లా" అన్నాను. మరునాడే పోయి కార్డు ఇచ్చేసి వచ్చింది.

ఇక శిక్షణ. అద్దెకు తీసుకున్న ఒక గదిలో ఖాళీ అరలు నిలబెట్టారు. లేని సబ్బులు, లేని చీరలు ఒకరికొకరు అమ్ముకోవాలి. టై కట్టుకున్న పిల్లగాడు నవ్వడం నేర్పాడు. పళ్లు కనబడాలట, చిగుళ్లు కనబడొద్దట. ఈమె ఆ నవ్వు పెట్టుకొని ఒకనాడు గడపలో నిలబడి, బజారునుంచి వస్తున్న మా అత్తకు దండం పెట్టింది.

"నమస్కారం మేడమ్. మీకు ఏ విధంగా సహాయపడగలను?"

"గా బర్రెకు కుడితి వెట్టు. గంతకంటె సహాయం నాకేమొద్దు."

శిక్షణ అయ్యాక కొలువు చూపించారు. హైదరాబాద్‌లో పెద్ద దుకాణం, పొద్దంతా నిలబడే పని, పడుకోవడానికి హాస్టల్. బిడ్డను తీసుకుపోవద్దు. మరి బిడ్డను ఏం చెయ్యాలని అడిగితే, టై పిల్లగాడు అది తమ సిలబస్‌లో లేదన్నాడు. పాపం, అతని తప్పేముంది, ఉన్నంతవరకు బాగానే చెప్పాడు.

సరే, మన మెట్‌పల్లిలో బట్టల దుకాణాలు లేవా అని నేనే వెంటబెట్టుకొని పోయాను. పరుపు మీద కూర్చున్న సేటు, "ఏమొస్తది బిడ్డా?" అని ప్రేమగానే అడిగాడు.

"గిరాకితోని నవ్వుకుంట మాట్లాడుడొస్తది సేటూ."

"అయ్యో, నవ్వొద్దు బిడ్డా! మాకొచ్చేది ఊర్లోళ్లు. నవ్వితె ధర ఎక్కువ చెప్తుండ్రని లేచిపోతరు. మావోళ్లను జూడు, ఒక్కడన్న నవ్వుతుండా?"

చూశాను. నిజంగానే అందరూ చావుకు వచ్చినట్టే ఉన్నారు. గిరాకీ మాత్రం కిటకిటలాడుతోంది.

చివరికి కార్ఖానాకే పోయాం. గుమాస్తా తల ఎత్తలేదు.

"కొత్త కార్డులు బందైనయమ్మా."

"నాది కొత్తది కాదు సారూ. పాతదే. మీకే ఇచ్చిన."

"ఇచ్చినవు గద, మేం తీసుకున్నం. గిప్పుడేంది పరేషాన్?"

ఆ రోజు మా అత్త తిడుతుందనుకున్నాం. తిట్టలేదు. అటకమీది పాత చాట దించి, దుమ్ము దులిపి, నా చాట పక్కన పెట్టి పోయింది. దానికంటే తిట్టినా బాగుండేది.

అప్పట్నుంచి నా కార్డు మీద వచ్చే ఆకు ఇద్దరం పంచుకుంటున్నాం. బీడీలు ఇద్దరివి, పేరు నాది. అసలే తగ్గిన ఆకు, అందులో సగం. పొద్దు నడినెత్తికి రాకముందే చాటలు ఖాళీ.

అట్లా ఖాళీగా ఉన్నప్పుడే ఒక రోజు ఫోనొచ్చింది. శిక్షణ ఆఫీసునుంచి ఒక అమ్మాయి. తోటికోడలు అందరికీ వినబడేటట్టు పెట్టింది.

"శిక్షణ తర్వాత మీరు ఏదైనా పని చేస్తున్నారా అండీ?"

"బీడీలు చేస్తున్న."

"వెరీ గుడ్. పనిలో ఉన్నారని రాస్తున్నాను."

"కార్డు నాది కాదు మేడమ్, మా అక్కది."

"ఆ ప్రశ్న ఇందులో లేదండీ."

మా అత్త ఫోను గుంజుకుంది.

"ఏం బిడ్డా, కార్డున్నప్పుడు పనిల ఉన్నదని ఎల్లగొట్టిండ్రు. కార్డు ఊడగొట్టిచ్చినంక గూడ పనిల ఉన్నదంటరు. మా పిల్లకు పని లేదని మీరు ఎన్నడు రాస్తరు?"

"శిక్షణతో మీరు ఎంతవరకు సంతృప్తి చెందారు అండీ?"

మా అత్త సంతృప్తి గురించి చెప్పిన మాటలు రాయడానికి నా చదువు సరిపోదు. ఫోను దానంతటదే ఆగిపోయింది.

ఆ సాయంత్రం తోటికోడలు బిడ్డకు అన్నం పెడుతుంటే చెప్పాను. "పిల్లా, రేపు నా పేరు మీద పీఎఫ్ గాని, పింఛన్ గాని ఏమొచ్చినా సగం నీది. అత్త ముంగటనే చెప్తున్న."

ఆమె బిడ్డ మూతి తుడిచింది.

"పింఛన్ నువ్వు ఉన్నన్ని రోజులే గదా అక్కా వచ్చేది?"

"అవు."

"అయితె జర పానం మంచిగ జూసుకో. శాన రోజులు బతకాలె నువ్వు."

అని బిడ్డకు తినిపించమని ముద్ద కలిపిన కంచం నా చేతికిచ్చి, లోపలికి పోయి, నాకొక కోడిగుడ్డు ఉడకేసింది.