మూత ఉన్న కెమెరా ముందు అక్క

కుట్టుమిషన్లు బాగుచేసే అతన్ని వీధిలో అందరూ స్క్రూడ్రైవర్ అనే పిలుస్తారు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ వాళ్ళ నోట్లో పంచదార పోయాలి. పెన్ను ఉండాల్సిన జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకుని ముప్ఫై ఏళ్ళుగా తిరుగుతున్నాడు మరి. బ్యాంకులో సంతకం పెట్టమన్నా అలవాటు కొద్దీ దాన్నే బయటికి తీస్తాడు. ఎక్కడ మర కనబడితే అక్కడ విప్పడం అతని జబ్బు. విప్పినవాటిలో చాలా మటుకు మళ్ళీ బిగిస్తాడు. మిగిలిపోయిన మరల్ని అతని భార్య ఒక బిస్కెట్ డబ్బాలో దాచిపెట్టింది. మొగుడు మరీ రెచ్చిపోయినప్పుడు ఆ డబ్బా ఒకసారి గలగలలాడిస్తుంది. అతను వెంటనే నోరు మూసుకుంటాడు.

ఇలాంటి మనిషికి యాభై ఆరో ఏట కెమెరా పిచ్చి పట్టుకుంది. దానికి కారణం అక్క.

అక్క అతనికంటే పద్నాలుగేళ్ళు పెద్ద. అతనికి రెండేళ్ళు నిండకుండానే అమ్మ పోయింది. అన్నం పెట్టిందీ, తలంటిందీ, తన్నిందీ అన్నీ అక్కే. అమ్మ ఫోటో ఇంట్లో ఒక్కటి కూడా లేదు. చిన్నప్పుడు అతను పదే పదే అడిగేవాడు, అమ్మ ఎలా ఉండేదని. "అమ్మలా ఉండేదిరా, ఇంకెలా ఉంటుంది?" అని అక్క మిషను తొక్కుకుంటూ పోయేది. అడిగీ అడిగీ ఒకనాటికి మానేశాడు గానీ, ఆ లోటు మాత్రం లోపల ఎక్కడో అలాగే ఉండిపోయింది.

అక్క ఇంటి ముందుగదే ఆమె దుకాణం. కిటికీ పక్కన మిషను, మిషను ముందు అక్క. పొడుగైన ప్యాంట్లు పొట్టి చేయడం, బిగుతైన జాకెట్లు వదులు చేయడం ఆమె పని. ఈ మధ్య సూదిలో దారం ఎక్కించడానికి నాలుగైదుసార్లు తంటాలు పడాల్సి వస్తోంది. "ఇంక చాల్లే, నెలాఖరుకి మిషను కట్టేసి కూతురి దగ్గరికి పోతా" అని ఒకరోజు చెప్పేసింది. అప్పుడు స్క్రూడ్రైవర్ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. ఆ కిటికీ, ఆ మిషను, ఆ అక్క ముగ్గురూ ఒకచోట ఉండేది ఇక ఇరవై అయిదు రోజులే. అక్క ఫోటో కూడా ఒక్కటి లేదు. గుర్తింపు కార్డు మీద ఉన్నది ఉంది గానీ, అందులో అక్క ఎవరిమీదో ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినట్టు ఉంటుంది.

ఫోటో అంటే అక్కకి గిట్టదు. ఫోను ఎత్తితే చాలు, మొహం కర్రలా బిగుసుకుపోతుంది, లేదంటే కొంగు అడ్డం వస్తుంది. పైగా స్క్రూడ్రైవర్‌కి కూడా ఫోను మీద నమ్మకం లేదు. విప్పడానికి ఒక్క మర కూడా లేని వస్తువు ఏం వస్తువని అతని వాదన.

అందుకని పాత సామాన్ల కొట్టుకి వెళ్ళి, ఫిలిం వేసే పాతకాలం కెమెరా ఒకటి ఏరుకున్నాడు. అరచేతిలో పెట్టుకుంటే బరువుగా, చల్లగా ఉంది. ఒళ్ళంతా మరలే. ప్రేమ పుట్టడానికి అంతకంటే ఏం కావాలి? లెన్సులోకి టార్చి వేసి చూస్తే అంచున సాలెగూడు లాంటి సన్నటి గీతలు కనబడ్డాయి.

"ఇది బూజు కదండీ?" అన్నాడు.

"బూజేంటి సార్, దుమ్ము" అన్నాడు కొట్టువాడు, కళ్ళలోకి చూడకుండా.

"దుమ్ముకి కొమ్మలు మొలుస్తాయా?"

కొట్టువాడు నవ్వేసి ధర తగ్గించాడు. కెమెరా ఇంటికొచ్చింది.

రావడమే తరువాయి, విప్పేశాడు. కుట్టుమిషనుకీ దీనికీ తేడా సూది ఒక్కటేనని భార్యకి ఉపన్యాసం కూడా ఇచ్చాడు. చిన్న పళ్ళచక్రాలు బిగుసుకుపోయాయని అలవాటుగా మిషను నూనె రెండు చుక్కలు వేశాడు. మర్నాటికి షట్టరు తెరిచిన కన్ను మూయడం మానేసింది. చివరికి తల వంచుకుని, కెమెరాలు బాగుచేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన వాసన చూసి, "దీనికి తలంటు పోశారెవరో" అన్నాడు. స్క్రూడ్రైవర్ ఆ పుణ్యాత్ముడు ఎవరో తనకి తెలియనట్టే నిలబడ్డాడు. ముసలాయన నూనె కడిగి, లెన్సులో బూజు తుడిచి, షట్టరు నెమ్మదిగానూ వేగంగానూ తెరుచుకుని మూసుకునేలా సరిచేసి ఇచ్చాడు. ఇస్తూ ఇస్తూ, తేమ తగిలితే బూజు మళ్ళీ వస్తుందని ఒక మాట వేశాడు.

ఆ మాటతో ఇంట్లో వాళ్ళ ప్రాణం తీశాడు స్క్రూడ్రైవర్. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు వీధంతా అడుక్కొచ్చి డబ్బాలో పరిచి, కెమెరాని వాటి మధ్య పడుకోబెట్టాడు. పక్కన ఎవరైనా తుమ్మితే దొంగని చూసినట్టు చూసేవాడు. "ఊపిరి తగలనీకండి, బూజు పడుతుంది!" అన్నది అతని ఊతపదమైపోయింది. లెన్సు మీద మూత రోజుకి పదిసార్లు తీసి తుడిచి మళ్ళీ పెట్టేవాడు. "పిల్లలకి మూతి తుడవమంటే ఒక్కనాడు తుడిచిన పాపాన పోలేదు" అని భార్య ఎవరికీ చెప్పనట్టు గోడకి చెప్పింది.

ఆ కెమెరాలో ఒక చమత్కారం ఉంది. మనం చూసే కిటికీ వేరు, ఫోటో తీసే లెన్సు వేరు. కిటికీలోంచి చూస్తే మనిషి ఇద్దరుగా కనబడుతుంది. రింగు తిప్పుతూ పోతే ఆ ఇద్దరూ దగ్గరికొచ్చి ఒక్కరవుతారు. అప్పుడు నొక్కాలి.

వారం తిరక్కుండా అక్క ముందు కూర్చున్నాడు. మొదట అక్క మామూలుగానే బిగుసుకుపోయింది. కొంచెంసేపటికి కెమెరాని తేరిపార చూసి, ఏమనుకుందో ఏమో, భుజాలు వదులు చేసింది. కుడుతూ కబుర్లు మొదలుపెట్టింది. చిన్నప్పుడు అతను చొక్కా గుండీ మింగేసి, తాళంచెవి కూడా మింగితే పొట్ట తెరుచుకుని అది బయటికొస్తుందని మారాం చేసిన సంగతి చెప్పి పడీ పడీ నవ్వింది. అక్క అలా నవ్వడం అతను ఏళ్ళ తరబడి చూడలేదు. ఆనందం పట్టలేక గంటసేపు నొక్కుతూనే ఉన్నాడు. ముప్ఫై ఆరు ఫోటోలూ అయిపోయాయి.

ఫిలిం కడిగే షాపువాడు దాన్ని వెలుతురుకి ఎత్తి చూపించాడు. మంచినీళ్ళలా తేటగా ఉంది. ఒక్క బొమ్మ కూడా పడలేదు.

"షట్టరు బాగానే ఉందండీ" అన్నాడు షాపువాడు, కెమెరా అందుకుని ఒకసారి నొక్కి చూసి, మొహమాటంగా. "మరి మూత తీశారా?"

ఆ క్షణంలో భూమి బద్దలైతే బావుండుననిపించింది అతనికి. మూత తీయలేదు. గంటసేపు, ముప్ఫై ఆరుసార్లు, అక్క నవ్వుని కిటికీలోంచి కళ్ళారా చూస్తూ, నల్లటి ప్లాస్టిక్ బిళ్ళకి ఫోటోలు తీశాడు. ఇన్ని మరలు విప్పిన మొనగాడు మర లేని ఆ ఒక్క మూత విప్పడం మరిచిపోయాడు.

సరాసరి అక్క దగ్గరికి వెళ్ళి మొహం వేలాడేసుకుని చెప్పాడు. అక్క పళ్ళతో దారం తెంపి, "మూత ఉందిగా, నేను చూస్తూనే ఉన్నా" అంది.

"చూశావా? మరి చెప్పొచ్చు కదే!"

"చెబితే తీసేవాడివి."

అతను చేతిలోని కెమెరా మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

"మూత ఉందిలే అని ధైర్యంగా కూర్చున్నాన్రా. నువ్వు నా ఎదురుగా అంతసేపు కూర్చుని ఎన్నాళ్ళయింది? ఎప్పుడొచ్చినా మిషను కిందే దూరతావు, నీ కాళ్ళు చూసి మాట్లాడాలి నేను."

అతనికి కోపం రావాల్సింది. రాలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గుతో పాటే ఒక దొంగ ఆలోచన కూడా వచ్చింది, ఎంతైనా స్క్రూడ్రైవర్ కదా.

ఇంటికెళ్ళి మిషను సూది ఒకటి ఎర్రగా కాల్చాడు. లెన్సు మూతకి సరిగ్గా నడిమధ్య చిన్న చిల్లు పొడిచి, అంచులు అరగదీసి శుభ్రం చేశాడు. నాలుగడుగుల దూరంలో నిలబడి చూస్తే మూత మూతలాగే ఉంది. అంత సన్నటి చిల్లులోంచి వెలుతురు కొంచెంకొంచెంగా వస్తుంది కాబట్టి షట్టరు నిండా ఒక సెకను తెరిచి ఉంచాలని ముసలాయన లెక్క కట్టి చెప్పాడు. ఆ సెకనులో మనిషి కదిలితే ఫోటో అలుక్కుపోతుంది. కుడుతున్న అక్క సెకనుపాటు కదలకుండా ఉండడమా? ముసలాయన పెదవి విరిచాడు.

కానీ అక్క సంగతి ముసలాయనకేం తెలుసు?

నెలాఖరుకి మూడు రోజులుందనగా మధ్యాహ్నం పూట మళ్ళీ వెళ్ళాడు. కెమెరాని బట్టల దొంతర మీద పెట్టి, ఇద్దరక్కల్నీ కలిపి ఒక్కర్ని చేసి, నొక్కే మీట మీద వేలు ఆనించి కూర్చున్నాడు. అక్క మూత వైపు ఒక చూపు విసిరి, "ఇవాళ కూడా మరిచిపోయావా, వెర్రి వెధవా" అని నిశ్చింతగా కబుర్లలో పడింది. ఈసారి నేరం గుండీది కాదు, అతని పెళ్ళిలో పీటల మీద కూర్చోగానే ప్యాంటు కుట్టు ఊడిన కథ. చెబుతూ చెబుతూ పగలబడి నవ్వింది. ఆ నవ్వు మొహం మీద ఉండగానే దారం తెగింది. అక్క సూది వైపు వంగి, దారం కొసని తడి చేసి, ఊపిరి బిగబట్టింది.

దారం ఎక్కించేటప్పుడు అక్క శిలే. అతను నొక్కాడు. లోపల పళ్ళచక్రాలు కిర్రుమని నెమ్మదిగా తిరిగాయి. దారం ఎక్కలేదు. మళ్ళీ బిగబట్టింది, మళ్ళీ నొక్కాడు. అయిదోసారికి ఎక్కింది. ఆ కళ్ళు బాగుండి ఉంటే ఒక్క ఫోటో కూడా వచ్చేది కాదు.

అయిదింటిలో నాలుగు అలుక్కుపోయాయి. ఒకటి వచ్చింది. మూలలన్నీ చీకటి, మధ్యలో కిటికీ వెలుతురు, సూది మీదికి వంగిన మొహం, ఆ మొహం మీద ఇంకా ఆరని నవ్వు. మిషను కట్టేసే రోజు పొద్దున్నే దాన్ని అక్క చేతికిచ్చి, తన్నులకి సిద్ధమై నిలబడ్డాడు. కెమెరా ఛాతీ మీద వేలాడుతోంది. ఆ రోజు మూత తీసే ఉంది, దాచడానికి ఇంకేం మిగల్లేదుగా.

అక్క ఫోటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. దూరంగా పెట్టుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది. తిట్టలేదు. అతని దగ్గరికి వచ్చి ఫోటోని అతని వైపు తిప్పింది.

"చిన్నప్పుడు అడిగి అడిగి నా ప్రాణం తీసేవాడివిగా, అమ్మ ఎలా ఉండేదని. ఇదిగో. ఇలా ఉండేది."

అతను చూశాడు. యాభై ఆరేళ్ళ మగాడు, అరడజను వీధుల్లో మిషన్లన్నీ విప్పిన మొనగాడు, పసివాడిలా బావురుమన్నాడు. అక్క అతని తల మీద చెయ్యి వేసి, రెండో చేత్తో కెమెరాని పక్కకి జరిపింది.

"ఏడిస్తే ఏడువు గానీ లెన్సు మీద పడనీకు. బూజు పడుతుందన్నావుగా."