ఇత్తడి రెయిలింగులో మూడో వరస

పడవ ఒళ్లు చేయడం నాకు అంత కష్టమనిపించలేదు. పక్కలకు పలచని ప్లైవుడ్డు, డెక్కుకు టేకు బద్దలు, నడిపేవాడు నిలబడే గదికి అగ్గిపెట్టెలంత కిటికీలు. చెక్కకు ఓపిక ఉంటుంది. ఒక వెంట్రుకవాసి ఎక్కువ కోసినా గీకి సరిచేసుకోనిస్తుంది. రెయిలింగు దగ్గరికి వచ్చేసరికి పని నిలిచిపోయింది. ఇత్తడి వల్ల కొంత, మా బావ వల్ల కొంత.

బావ అంటే మా అక్క భర్త. మెట్టూరు డ్యాము నీళ్ల మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మనుషుల్ని దాటించే ఇంజను పడవను పెళ్లికి ముందు నుంచీ నడిపాడు. కళ్లకు నీటికాసులు వచ్చి, చూపు అంచుల నుంచి మూసుకుంటూ వచ్చి, చివరికి వెలుగూ చీకటీ మాత్రమే మిగిలాక, ధర్మపురిలో మా వీధిలోనే ఇల్లు తీసుకున్నారు. పడవ అంతకుముందే పాత ఇనుముకు పోయింది. ఒక్క ఫోటో కూడా లేదు.

ఆయనకు రోజులో మిగిలిన సుఖం ఒకటే. పొద్దున చేతికర్ర పట్టుకుని వీధి చివరి టీ కొట్టుకు ఒంటరిగా పోయి రావడం. ఒకరోజు టీ కొట్టు దాటి బస్సులు తిరిగే రోడ్డు దాకా వెళ్లిపోయాడు. ఎవరో చేయి పట్టుకుని తీసుకొచ్చారు. ఆ వారమే మంగళవారం నాడు ఉతికిన పంచె అడిగి, ఈరోజు శుక్రవారం కదా అన్నాడు. డాక్టరు మతిమరుపు సంగతి కూడా కొంచెం చూసుకోండి అన్నాడు. ఇక ఒంటరిగా వీధిలోకి పోయేది లేదని అక్క తీర్మానించింది.

ఆ సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లేసరికి బావ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"కండ్లు పోతే పోయినాయి బామ్మర్దీ. బుద్ధి గూడా పోతావుందంట. మీ అక్క చెప్పింది."

"నేనేడ చెప్పినాను? డాక్టరు చెప్పినాడు," అంది అక్క లోపలి నుంచి.

"డాక్టరు సుమ్మా, ఊరికే చూసుకోండి అన్నాడు. నువ్వు పోయిందనే అన్నావు." నా వైపు తిరిగాడు. "నువ్వు లెక్కల మనిషివి గదా. ఒక పని చెయ్యి. నా పడవ ఎట్ల ఉండిందో నేను చెప్తా. నువ్వు చిన్నదిగా చేసి నా చేతికియ్యి. అది నా పడవే అయితే నా బుద్ధి సరిగా ఉన్నట్టు. కాదంటే కర్ర మీ అక్కకు ఇచ్చేసి ఈ గోడకాడనే కూర్చుంటా."

"పడవ చేపించి బుద్ధి చూసుకునే మనిషిని ఇప్పుడే చూస్తావుండా," అంది అక్క.

"చూడు మరి. నీకైనా కండ్లు ఉండాయి."

ధర్మపురిలో మాది ఇనుప సామాను కొట్టు. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. అయినా గదికి ఎన్ని పలకలు పడతాయి, మిద్దెకు ఎంత కమ్మి కావాలి, తొట్టిలో ఎన్ని లీటర్లు పడతాయి అని అడిగితే కాగితం లేకుండా చెప్పగలను. ఎవరూ నేర్పలేదు. కొట్లో కూర్చుని, కొలిచి, తప్పుపోయి, మళ్లీ కొలిచి నేర్చుకున్నాను. మా వీధిలో ఆ పేరు ఉంది కాబట్టి బావ ఆ పని నాకు అప్పగించాడు. ఆ పేరు ఉందనే నేనూ ఒప్పుకున్నాను.

ఆయన కొలతలన్నీ ఒంటి కొలతలే. పడవ ఎంత పొడుగు అంటే, ముందు నిలబడి పిలిస్తే వెనక కూర్చున్నవాడికి ఇంజను మోతలో వినపడనంత. రెయిలింగు ఎంత ఎత్తు అంటే, "నా మొలతాడు ఎత్తు." నేను ఆయన్ని లేపి నిలబెట్టి టేపు పట్టాను. మూడడుగులు వచ్చింది. నిలువు కమ్మీకీ నిలువు కమ్మీకీ మధ్య ఎడం ఎంత అంటే, "బుట్టలు పెట్టుకున్న ఆడోళ్లు ఇద్దరు ఆనుకుని కూర్చుంటారు. మూడో ఆమె వస్తే కొట్లాట." దాన్ని నాలుగడుగులు అనుకున్నాను. అడుగుకు అర అంగుళం చొప్పున అన్నీ తగ్గించుకుంటూ పోయాను. నాలుగడుగుల ఎడం రెండంగుళాలైంది, మొలతాడు ఎత్తు అంగుళంన్నర అయింది.

"అడ్డ కమ్మీలు ఎన్ని వరసలు బావా?"

"మూడు," అన్నాడు. ఆలోచించలేదు. ఊపిరి తీసుకున్నంత తేలికగా అన్నాడు.

మూడంటే సమానమైన మూడనుకున్నాను. ఏది ఎంత ఎత్తులో అని అడగాలని నాకు తోచలేదు. భాగించడం అలవాటైన మనిషికి మొదట సమభాగమే కనిపిస్తుంది.

రెయిలింగు పని చూడ్డానికి తేలిక. నిలువు కమ్మీలకు లావు ఇత్తడి తీగ, అడ్డానికి సన్న తీగ. కానీ ప్రతి నిలువు కమ్మీకీ అదే ఎత్తులో రంధ్రాలు పడాలి. ఒక్కటి సూదిమొన అంత పైకి పోయినా, పక్క నుంచి చూస్తే వరసంతా అలలాగా కనిపిస్తుంది. ఒక టేకు ముక్కలో గాడి చెక్కి, అందులో కమ్మీని పడుకోబెట్టి, రంధ్రం పడాల్సిన చోట సుత్తితో మెల్లగా తట్టి చదును చేసి, చేతి డ్రిల్లు తిప్పేవాణ్ణి. ముక్కు దగ్గర వంపు తిరగాలి కాబట్టి అక్కడి తీగను గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి, మెత్తబడ్డాక సీసా చుట్టూ వంచాను. ఇత్తడి మాసి ఉంటే టంకం పట్టదు. అక్క ఇంట్లో చెంబులు తోమడానికి పెట్టుకున్న చింతపండుతోనే తీగలు తోమాను.

"నా చింతపండు పులుసుకు లేకుండా పోయింది, పడవకు పోయింది," అంది అక్క.

టంకం పెట్టేటప్పుడు ఇంకో చిక్కు. ఒక అతుకు వేస్తుంటే ఆ వేడికి పక్క అతుకు ఊడిపోయేది. తడిగుడ్డ పేలికలు పక్క అతుకులకు చుట్టి ఒక్కొక్కటే వేయడం అలవాటు చేసుకున్నాను. ఒక పక్క పూర్తయ్యేసరికి మూడు వరసలూ తీర్చి గీసినట్టు వచ్చాయి. నాకు గర్వంగానే ఉండింది.

అప్పుడే దగ్గరి పల్లె వెల్లిచందైలో ఒక రైతు కొత్త కొట్టానికి రేకుల లెక్క వేసివ్వమని పిలిచాడు. వెళ్లాను. పాత కొట్టం ముందర రెండు ఆవులు కట్టి ఉన్నాయి. వాటి ముందు పాతిన ఇనుప కటకటాల కంచె మీద అక్కడక్కడా పాత తెల్లరంగు మిగిలి ఉంది. ఒక నిలువు కంబం లోపలికి వంగి ఉంది. ఇది ఎక్కడిదని అడిగాను. పాత ఇనుము అంగట్లో కొన్నానని, డ్యాములో తిరిగిన పడవదని చెప్పారన్నాడు. ఒక వానాకాలం గట్టు రాతికి తగిలి ఎడమ పక్క ఒక కంబం వంగిందని బావ నాకు ముందే చెప్పి ఉన్నాడు.

టేపు తీశాను. కంబానికీ కంబానికీ నాలుగడుగులు. ఎత్తు మూడడుగులు. బావ ఒంటి కొలతలు ఒక్కటీ తప్పిపోలేదు. ఆ సంతోషంలోనే అడ్డ కమ్మీలు చూశాను. రెండే ఉన్నాయి. పైన ఒకటి, మోకాలి పైన ఒకటి. మూడోది తెగిపోయిందేమోనని కంబాలన్నీ వేలితో తడిమాను. ఆరు కంబాలకూ ఎక్కడా పాత అతుకు గుర్తు లేదు. కింద జానెడు ఎత్తులో మాత్రం ప్రతి దానికీ రంగు గుండ్రంగా అరిగి ఇనుము బయటపడి ఉంది. ఆవుల పలుపులు రాసుకుని ఉంటాయనుకున్నాను. అతుకు లేదన్న దిగులులో దాని గురించి ఇంకేమీ ఆలోచించలేదు.

తిరిగి వచ్చి అక్కను మాత్రం వాకిట్లోకి పిలిచి చెప్పాను.

"మూడే పెట్టి ఇచ్చేయి," అంది అక్క.

"ఆయన్ని బయటికి పోనీయకూడదని నువ్వే గదక్కా అన్నావు?"

"అన్నాను. ఆ గోడకాడ కూర్చోబెట్టమని అన్నానా?"

మూడు వరసలు పెడితే ఆయన గెలుస్తాడు. కానీ గెలిపించింది నేనౌతాను. ఆ సంగతి ఎప్పటికీ నాకు, అక్కకు తెలిసి ఉంటుంది, ఆయనకు తెలియకుండా ఉంటుంది. ఆయన అడిగింది తన మాట నిజమా కాదా అని. ఇనుము ఒకటి చెప్తుంటే ఇత్తడితో ఇంకొకటి చెప్పించడం నాకు చేత కాలేదు. మూడు రంధ్రాల కమ్మీలు డబ్బాలో వేసి, మళ్లీ మొదటి నుంచి తీగలు కోసుకున్నాను. ఈసారి రెండే రంధ్రాలు, వెల్లిచందైలో కొలిచిన ఎత్తుల్లో. వంగిన కంబాన్ని కూడా వంచి పెట్టాను. అన్ని కమ్మీల అడుగులూ డెక్కు రంధ్రాల్లో జిగురుతో నిలబెట్టాక, పడవను అక్క ఇంటికి తీసుకెళ్లి బావ ఒళ్లో పెట్టాను.

ముక్కు మీద వేలు పెట్టి మొదలుపెట్టాడు. రెయిలింగు దొరకగానే కమ్మీలు లెక్కపెట్టాడు. మా వాళ్లందరిలాగే ఒకటికి బదులు లాభం అంటూనే. "లాభం, రెండు, మూడు..." వంగిన దాని దగ్గర ఆగాడు. "ఓయ్, దీన్ని గూడా వంచినావే," అని నవ్వాడు. తర్వాత వేలు పై కమ్మీ మీద, నడిమి కమ్మీ మీద జరిగింది. ఇంకా కిందికి దిగి అక్కడ వెతుక్కుంది.

"ఇక్కడిది ఏది?"

"లేదు బావా. రెండే. వెల్లిచందైలో నీ పడవ రెయిలింగు దొరికింది. చూసొచ్చినాను. మూడో అతుకు లేదు."

ఆయన చేయి డెక్కు మీదే ఆగింది. వీధిలో గ్యాసు బండి గంట మోగించుకుంటూ పోయింది.

"సరి," అన్నాడు. పక్కనున్న కర్రను తడిమి తీసి, అక్క ఉన్న వైపు చాచాడు. "ఇంద."

అక్క తీసుకోలేదు. నాకు ఏదో ఒకటి మాట్లాడాలనిపించింది. "అడుగున అయితే ఏమీ లేదు బావా. రంగు అరిగిన గుర్తులే," అన్నాను.

"ఎంత ఎత్తులో?"

"జానెడు."

"ఒకదానికా?"

"ఆరింటికీ."

"దేనికి అరిగింది?"

"ఆవులు కట్టినారు. పలుపులు రాసుకుని..."

"ఎన్ని ఆవులు?"

"రెండు," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చాకే అది నా చెవికి వినపడింది. రెండు ఆవులకు ఆరు కంబాలు సమంగా అరగవు. ఊళ్లో లెక్కలు వేసిచ్చే నేను, టేపు చేతిలో పట్టుకుని, ఆ చిన్న లెక్క వేసుకోలేదు.

"ఇదిగో," అంది అక్క. ఆమె ఇంకా కర్ర అందుకోకుండానే నిలబడి ఉంది. "సంద నాడు అమ్మకానికి పోయే మేకలు ఎక్కించుకునేవాడివి గదా. ఒక మేకపిల్ల కమ్మీల కింద నుంచి జారి నీళ్లలో పడిందని, మా పుట్టింటి బావి చేదతాడు అడిగి తీసుకుపోలేదా నువ్వు? ఎన్నిసార్లు అడిగినా మళ్లీ తెచ్చియ్యలే."

బావ కర్రను ఒళ్లోకి లాక్కున్నాడు. కొంచెంసేపటికి ఆయన చేతులు గాలిలో కదిలాయి. ఎడమ చేత్తో ఒక కనపడని కంబం పట్టుకుని, కుడి చేత్తో దాని చుట్టూ ఒక చుట్టు వేసి, లాగి, పక్క దానికి పోయాడు.

"తాడు," అన్నాడు. "ప్రతి సందకూ ఈ చేత్తోనే కట్టి, విప్పి... నాకు మూడు జ్ఞాపకం ఉండింది. మూడోది తాడనే సంగతి పోయింది."

"అయితే సగమే గెలిచినట్టు," అంది అక్క. కానీ ఆమె గొంతులో గెలుపోటముల మాట లేదు.

"రెండు కమ్మి, ఒకటి తాడు. ఎంతైంది బామ్మర్దీ?"

"మూడు," అన్నాను.

అక్క దీపపు వత్తులకు పెట్టుకున్న నూలు తెచ్చింది. నేను దాన్ని మూడు పోగులుగా పేని, పడవ పొడుగుకు సరిగ్గా కొలిచి, కొంచెం ఎక్కువే ఉంచి కోసి ఇచ్చాను. కట్టడం మాత్రం ఆయనే కట్టాడు. నేను కళ్లతో చూస్తూ కూడా అంత చిన్న కమ్మీకి అంత సమంగా చుట్టు వేయలేను. వేలి గోటితో డెక్కు నుంచి ఎత్తు చూసుకుని, ఒక చుట్టు, ఒక లాగు, పక్క కమ్మీ. చివరి కమ్మీ ఇంకా ఉండగానే నూలు అయిపోయింది.

బావ మిగిలిన కొసను వేళ్ల మధ్య పట్టుకుని నా ముందు ఆడించాడు. "కంబానికి ఒక చుట్టు పోతుంది గదప్పా. అది కొలవలేదా?"

కొలవలేదు. పొడుగు మాత్రమే కొలిచాను.

"మెల్లగా కొలుచుకో," అంటూ పడవను నా ఒళ్లోకి మార్చి లేచాడు. "నేను టీ తాగి వస్తా."

అక్క గుమ్మానికి అడ్డంగా ఉన్న చీపురును కాలితో పక్కకు జరిపింది. కర్ర చప్పుడు మెట్లు దిగి, వీధిలో కొంత దూరం పోయి, టీ కొట్టు ముందరి బండరాయి మీద టక్కుమని ఆగింది. అక్క అంతవరకూ వాకిట్లోనే నిలబడి ఉంది. తర్వాత లోపలికి వచ్చి, ఇంకొంచెం నూలు తీసి నాకు ఇచ్చింది.