కంటి చుక్కలు మందు కాదనుకున్నాను

“చుక్కలు వేశావటే మార్తా?”

“వేశానండీ అమ్మగారూ. రెండు కళ్ళల్లోనూ వేశాను. మసకగా ఉందన్నారు కదా అని ఇంకో చుక్క ఎక్కువే వేశాను.”

“అదీ! కాస్త జావ తెచ్చిపెట్టు మరి.”

సుభద్రమ్మగారికీ నాకూ మధ్య చివరిసారి నడిచిన మాటలు ఇవి. మూడేళ్ళ కిందటి సంగతి. దోహాలో ఐన్ ఖాలిద్ వైపు ఒక ఇంజినీరుగారి ఇల్లు. ఆమె ఆయన తల్లి, కాకినాడ మనిషి, డెబ్బై దాటిన వయసు. నేను ఆమెను చూసుకునే ఆయాను. స్నానం, తిండి, నడక, మందులు అన్నీ నా చేతి మీదే. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు సునీత రాస్తోంది. తను ఇక్కడే ఆసుపత్రిలో నర్సు. మందుల పేర్లు తను నేర్పినవే.

మా ఆయన పోయిన రెండో ఏట ఖతర్ వచ్చాను. ముందు అరబ్బుల ఇంట్లో పదకొండేళ్ళు వంటా, తుడుపూ. తరవాత ముసలివాళ్ళను చూసుకునే పనిలో పడ్డాను. అక్షరాలు రావు గాని అంకెలు వచ్చు. ఆ అంకెలతోనే సుభద్రమ్మగారి ఇంట్లో నాకు మంచి పేరొచ్చింది.

ఆమెకు గుండె దడ ఉండేది. ఇక్కడి డాక్టరు మెటోప్రొలోల్ అనే మాత్ర మొదలుపెట్టాడు. దాన్ని బీటా బ్లాకర్ అంటారు. సునీత నాకు అర్థమయ్యేలా చెప్పింది. మనం చెప్పకుండానే గుండెనూ ఊపిరినీ నడిపే నరాలు ఒంట్లో రెండు రకాలట. బండెద్దును ముల్లుకర్రతో అదిలించేవి కొన్ని, పగ్గం బిగబట్టేవి కొన్ని. బీటా బ్లాకర్ ఆ ముల్లుకర్రను తగలనివ్వదు, గుండె నెమ్మదిస్తుంది. మరీ నెమ్మదించిందా, మనిషే ఆగిపోతుంది.

అందుకే వారానికి రెండుసార్లు వచ్చే కేరళ సిస్టర్ నాకు పల్స్ చూడడం నేర్పింది. బొటనవేలు పెట్టకూడదు, దానిలోనూ నాడి కొట్టుకుంటుంది. దాని పక్క మూడు వేళ్ళూ మణికట్టు మీద ఆనించి, గడియారంలో సన్నముల్లు ఒక చుట్టు తిరిగేదాకా లెక్కపెట్టాలి. “యాభై అయిదు కంటే తగ్గితే మాత్ర ఆపు, నాకు ఫోన్ చెయ్యి,” అని హిందీలో మూడుసార్లు చెప్పించుకుంది నా చేత. రోజూ పొద్దున్నే చూసి క్యాలెండరు మీద అంకె వేసేదాన్ని. అరవై ఎనిమిది, అరవై ఆరు, మళ్ళీ అరవై ఎనిమిది. ఇంటి కోడలు లలితమ్మగారు అది చూసి, “మార్తా, నువ్వు చదువుకుని ఉంటే డాక్టరువయ్యేదానివి,” అని నవ్వేవారు. నాకు లోపల గర్వంగానే ఉండేది.

అప్పుడు కాకినాడ నుంచి వాళ్ళ చుట్టం ఒకాయన వచ్చాడు. ఇక్కడ మనవాళ్ళ ఇంటికి ఊరి నుంచి పెట్టె వచ్చిందంటే ఆవకాయ పక్కన మందులుంటాయి. ఆ పెట్టెలో కంటి చుక్కల సీసాలు నాలుగు వచ్చాయి. సుభద్రమ్మగారికి గ్లాకోమా, అంటే కంట్లో ఒత్తిడి పెరిగి చూపు తినేసే జబ్బు. చుక్కలు అయిపోయి రెండు నెలలైంది. ఆ రెండు నెలల్లోనే ఇక్కడి డాక్టరు మాత్ర మొదలుపెట్టాడు. చుక్కల సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెబుదామా అని నేనొకసారి అడిగితే సుభద్రమ్మగారు కసిరారు. “కంటి సంగతి గుండె డాక్టరుకెందుకే? నీకు మోకాలు నొప్పెడితే పళ్ళ డాక్టరుకు చెబుతావా?”

నిజమే అనిపించింది. మాత్రలన్నీ ఒక డబ్బాలో, చుక్కలు మాత్రం ఫ్రిజ్ తలుపులో. సిస్టర్ వచ్చినప్పుడు డబ్బా తెరిచి చూపించేదాన్ని. ఫ్రిజ్ ఎవరు తెరుస్తారు?

పొద్దునా సాయంత్రం చుక్కలు మొదలయ్యాయి. వారం తిరక్కుండానే క్యాలెండరు మీద అరవై, తరవాత యాభై ఆరు, తరవాత యాభై రెండు. మాత్ర ఆపి ఫోన్ చేశాను. సిస్టర్ ఆ సాయంత్రమే వచ్చి, బీపీ చూసి, డబ్బా అంతా వెతికింది.

“ఇంకా ఏమైనా దవా ఇస్తున్నావా? బాగా ఆలోచించి చెప్పు.”

“మాఫీ సిస్టర్,” అన్నాను. ఇక్కడి మాటలో లేదని. ఆలోచించలేదు. మందంటే మింగేదో, సూదితో పొడిచేదో అనే నా మనసులో ఉంది.

ఆమె డాక్టరుతో మాట్లాడి ఎల్లుండికి చూపించమంది. మర్నాడు యాభై. ఆ మర్నాడు నలభై ఎనిమిది. మాత్ర ఆపినా ఎందుకు తగ్గుతోందో నాకు అంతుపట్టలేదు. సుభద్రమ్మగారేమో, “కళ్ళ ముందు మసకగా ఉందే, చుక్క జారిపోయినట్టుంది, ఇంకోటి వెయ్యి,” అనడం మొదలుపెట్టారు. గుండె నెమ్మదించి తలకు రక్తం చాలక వచ్చిన మసక అది. నేను కంటి మసకే అనుకున్నాను. చుక్క మీద చుక్క వేశాను.

ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు పొద్దున జావ పట్టుకుని గదిలోకి వచ్చేసరికి ఆమె తల కుర్చీ పక్కకి వాలి ఉంది. ఒళ్ళు చల్లగా, చెమటగా ఉంది. చెయ్యి పట్టుకుని లెక్కపెడితే సన్నముల్లు చుట్టు తిరిగేసరికి ముప్పై కూడా రాలేదు. లలితమ్మగారు అంబులెన్సు పిలిచారు. వాళ్ళు వస్తూనే అట్రోపిన్ అనే ఇంజెక్షన్ ఇచ్చారు. అది పగ్గం బిగబట్టిన చేతిని వదిలించే మందట. పల్స్ కొంచెం లేచింది, మళ్ళీ పడింది.

ఆసుపత్రిలో ఇంట్లో ఉన్న మందులన్నీ తెమ్మన్నారు. లలితమ్మగారు ఫ్రిజ్‌లోవి కూడా సంచిలో వేసుకొచ్చారు. అక్కడి ఫార్మసీ ఆయన చుక్కల సీసా వెలుగులో పట్టుకుని చదివాడు. టిమోలోల్. అదీ బీటా బ్లాకరే. కంట్లో వేసింది కంట్లోనే ఉండదట. లోపలి మూల నుంచి ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుందట.

“ఇది వేసేది ఎవరు?” అని అరబ్బీలో అడిగాడు.

“అనా,” అన్నాను. నేనే.

మూడో రోజు ఆమె పోయారు. గుండె ముందే బలహీనంగా ఉందని, చుక్కలొక్కటే కారణమని చెప్పలేమని డాక్టరు అన్నాడు. లలితమ్మగారు నన్ను ఒక్క మాట అనలేదు. “నీకేం తెలుసులే మార్తా,” అన్నారు. తిట్టినా మింగేదాన్ని. ఆ మాట ఇప్పటికీ గొంతు దిగదు. పల్స్ చూసినప్పుడు తెలిసినదాన్నే, మెచ్చుకుంటే ఒప్పుకున్నదాన్నే. చావు దగ్గర మాత్రం తెలియనిదాన్ని ఎలా అవుతాను?

ఇప్పుడు ఏ ఇంట్లో పనికి కుదిరినా మొదటి రోజే అడుగుతాను. కంట్లో ఏం వేస్తారు, ముక్కులో ఏం పీలుస్తారు, ఒంటికి ఏం రాస్తారు, ఊరి నుంచి పెట్టెలో ఏం వచ్చాయి? అన్నీ బల్ల మీద పెట్టించి సిస్టర్ ముందు ఉంచుతాను. కొందరు విసుక్కుంటారు. ఒకావిడ, “ఏమ్మా, కస్టమ్సువాళ్ళా నువ్వు?” అంది. అననీ. కంటి చుక్క ఒక్కటే వేస్తాను. వేశాక ముక్కు పక్కన కంటి మూల మెత్తగా నొక్కి రెండు మూడు నిమిషాలు పట్టుకుంటాను. లోపలికి దిగేది తగ్గుతుందని సునీత నేర్పింది. ఆ నొక్కడం సుభద్రమ్మగారికి ఒక్కసారీ చెయ్యలేదు.

సునీతా, ఇక చాలు. ఇందాక సిస్టర్ అడిగిన చోట, “నీకు తెలియక అన్నావని రాస్తాను పెద్దమ్మా,” అన్నావు. అలా రాయకు. ఆలోచించలేదు, అంతే. నేను చెప్పినదాని కంటే నన్ను మంచిదాన్ని చేసి ఎక్కడైనా రాసి ఉంటే కొట్టెయ్యి. మొదటి నుంచి చదివి వినిపించు.