అవతలి గట్టున పద్నాలుగో మనిషి

2022 సెప్టెంబరు. శ్రీకాకుళం నుంచి ఒకరోజు టూర్లు నడపడం మొదలుపెట్టి అప్పటికి నాకు ఆరేళ్లు. ఆ ఆదివారం పద్నాలుగు మందితో టెంపో ట్రావెలర్‌లో బయలుదేరాం. పొద్దున మందస దాటాక మహేంద్రగిరి దిగువన ఒక జలపాతం, సాయంత్రం బారువలో పాత రేవు, లైట్‌హౌస్. ఏ గంటకు ఎక్కడుండాలో రాసుకున్న కాగితాన్ని మేం ఐటినరరీ అంటాం. జలపాతానికి గంటన్నర రాసుకున్నాను.

వచ్చినవాళ్లలో గజపతినగరం వైపు వరి రైతులు సూర్యనారాయణ గారు, ఆయన భార్య సత్తెమ్మ గారు ఉన్నారు. ఇద్దరికీ అరవై దాటాయి. నాట్లు, కలుపులు అయిపోయి నాలుగు రోజులు తీరిక దొరికిందని వచ్చారు. విశాఖ నుంచి కిరణ్ గారనే బ్యాంకు ఉద్యోగి మెడలో పెద్ద కెమెరాతో వచ్చారు.

జలపాతం కింద వాగు మోకాలి లోతు కూడా లేదు. అందరూ నీళ్లలో దిగారు. కిరణ్ గారు ఫొటో ఎక్కడ నిలబడి తీస్తే బాగుంటుందని అడుగుతుంటే ఆయనకు చూపిస్తున్నాను. కాసేపటికి, గట్టు మీద గడ్డి కోసుకుంటున్న పక్క గూడెం ఆవిడ నన్ను పిలిచింది.

"మేడమ్మా, నీళ్ల రంగు సూడు. పైన కొండ మీద వాన పడతన్నాది. మీ వోళ్లని బేగి బయటికి రమ్మను."

మా నెత్తిన ఎండ కాస్తోంది. కానీ నీళ్లు ఎర్రబడ్డాయి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయి. విజిల్ ఊదాను.

"ఎండగానే ఉంది కదా మేడం, ఇంకో పది నిమిషాలు" అన్నారు కిరణ్ గారు.

"ముందు గట్టెక్కండి."

అందరూ ఎక్కాక హెడ్ కౌంట్, అంటే తలల లెక్క, చూశాను. పదమూడు. మళ్లీ లెక్కపెట్టాను. పదమూడే. ఈలోగా వాగు మోకాలి నుంచి ఛాతీ దాకా లేచింది. అప్పుడు అవతలి గట్టున పెద్ద బండ వెనకనుంచి, పొడి చీర కట్టుకుని సత్తెమ్మ గారు బయటికి వచ్చారు.

సూర్యనారాయణ గారు నీళ్ల వైపు పరిగెత్తారు. మా డ్రైవరు ఆయన నడుం పట్టుకుని ఆపాడు. నేను చెప్పులు విడిచి దిగబోతుంటే గూడెం ఆవిడ నా రెక్క పట్టుకుంది.

"ఏటి సేస్తన్నావు? ఆవిడికేటీ అవనేదు, ఎత్తు మీద ఉన్నాది. నువ్వు దిగితే నిన్ను ఎతుక్కోవాల."

ఆమె మాట నిజం. ఇంకా పైకి వెళ్లమని అందరం చేతులతో సైగలు చేశాం. సత్తెమ్మ గారు పైకెక్కి ఒక రాతి మీద కూర్చున్నారు. నీటి హోరులో ఎంత అరిచినా వినపడదు. కిరణ్ గారు కెమెరా జూమ్ చేసి సూర్యనారాయణ గారి పక్కన నిలబడ్డారు.

"ఏటి సేస్తన్నాది బాబూ?"

"జంతికలు తింటున్నారండీ."

అందరూ నవ్వారు. సూర్యనారాయణ గారు మాత్రం అక్కడే కూలబడి ఏడ్చేశారు. తర్వాత ఏడుపు కోపంగా మారింది. "ఎవలికీ సెప్పకుండా ఎల్లిపోనాది. ఇంటికాడా ఇంతే" అని తిట్టడం మొదలుపెట్టారు.

అప్పుడు గుర్తొచ్చింది. నేను కిరణ్ గారితో మాట్లాడుతుంటే పక్కకొచ్చి, "అమ్మా, ఆ బండెనక సీర మార్సుకొనొస్తాను" అన్నది సత్తెమ్మ గారే. నేను ఆమె మొహం కూడా చూడకుండా తలూపాను.

ఆ మాట ఆయనకు చెప్పలేదు. ఇది సమయం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

గూడెం ఆవిడ నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, అరగంటకోసారి చూసింది. రెండు గంటలు గడిచాక నీరు తీసింది. గూడెం నుంచి వచ్చిన ఇద్దరు మగవాళ్లు చెట్లకు తాడు కట్టి, సత్తెమ్మ గారిని నడిపించుకొచ్చారు.

"సెప్పి ఎల్లొచ్చు కదే!" అని భర్త అరిచారు.

ఆమె నా వైపు ఒకసారి చూశారు. చీర కుచ్చిళ్లు పిండుకుంటూ, "మర్సిపోనాను, ఏటి సేస్తాం" అన్నారు.

సమయానికి గట్టెక్కించానని బండిలో అందరూ నాకు చప్పట్లు కొట్టారు. బారువ చేరేసరికి పొద్దు వాలింది, లైట్‌హౌస్ మూసేశారు. ఇసుకలో అందరినీ కూర్చోబెట్టి, ఒకప్పుడు ఈ రేవు నుంచి బర్మాకు ఓడలెలా వెళ్లేవో చెప్పడం మొదలుపెట్టాను. నాలుగు మాటలకే ఆపేసి, సత్తెమ్మ గారు నాకు చెప్పే వెళ్లారని, మరిచిపోయింది నేనని అందరి ముందూ చెప్పాను.

సూర్యనారాయణ గారు నా వైపు తిరిగారు.

"ఆ రెండు గంటలూ దీన్ని తిట్టుకుంటా కూకున్నాను. అప్పుడే సెప్పుంటే నిన్ను తిట్టుందును. అదే కదమ్మా నీ బయ్యం?"

"అవునండీ."

"పోనీ, వొగ్గీ. సముద్రం సూడనీ" అన్నారు సత్తెమ్మ గారు.

అప్పటినుంచి నా టూర్లలో ఎవరు ఎటు వెళ్తానన్నా పేరు, చోటు పైకి చెప్పి రాసుకుంటాను. వాగు దాటి అవతలికి ఎవరినీ పంపను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఇవి ఒక్కరోజులో నేర్పుతాను. తలూపి మరిచిపోవడం పొరపాటు. ఆ రెండు గంటలూ నోరు మూసుకుని, ఇంకొకరు తిట్లు పడుతుంటే చూస్తూ నిలబడటం మాత్రం నేను తెలిసి చేసిన పని.