పీర్ సాహెబు బదులు తిన్నవాడు

పరుగెత్తడంలో పీర్ సాహెబుకు కాళ్లతో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా పరుపులతోనే వచ్చింది.

అతనిది మదనపల్లె. దూదేకే విల్లు భుజాన వేసుకుని చిన్నప్పటి నుంచీ ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు. బస్సు కోసం నిలబడే ఓపిక లేక పరుగెత్తేవాడు. పోనుపోను ఆ పరుగు రుచి మరిగాడు. పుంగనూరులో పొద్దు పొడవగానే బయల్దేరి, పొద్దు గుంకేలోగా హార్సిలీ కొండ పైకి చేరాలని పట్టుబట్టాడు. 1983 చలికాలంలో ప్రయత్నించాడు కూడా.

ఆ దారిలో అతను కుట్టిన పరుపు లేని ఇల్లు తక్కువ. "మా పీరప్ప వస్తాండాడు" అంటూ ఒకరు బెల్లం కాఫీ, ఒకరు ఉడకేసిన చెనక్కాయలు, ఇంకొకరు ఓళిగలు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చారు. వద్దంటే ఆ ఇంటిని చిన్నచూపు చూసినట్టే. అందరిదీ కాదనలేక తిన్నాడు. కొండదారి మలుపులో కడుపు పట్టుకుని కూలబడ్డాడు.

ఏడాది తిరిగేసరికి ఇంట్లో పసిబిడ్డ ఆబిదా ఉంది. భార్య మైమూన్ బీ ఒకటే షరతు పెట్టింది.

"ఈ తూరి ఎక్కితే సరే. లేకుంటే జన్మలో పరుగు మాట ఎత్తకూడదు."

పీర్ సాహెబు బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఒప్పుకున్నాడు. షరతు పెట్టిందే గాని, పరుగు లేని మొగుణ్ణి మైమూన్ ఊహించుకోలేకపోయింది. వానలకు రెండు రోజులు ఇంట్లో ఉంటేనే గోడలకేసి చూస్తూ కూర్చునే మనిషి అతను. అందుకే గెలిపించే పని కూడా తనే నెత్తికెత్తుకుంది.

కుప్పం నుంచి తమ్ముడు అబ్దుల్ జబ్బార్‌ను టమోటాలు తోలే టెంపోతో రప్పించింది. అందులో నీళ్లు, ఉప్పు వేసిన నిమ్మరసం, మారు బూట్లు పెట్టింది. కురబలకోటలో గొర్రెల బేరం చేసే ఆదెప్పను పిలిపించింది. ఆదెప్ప పీర్ సాహెబుకు ప్రాణస్నేహితుడు. కూర్చుంటే నలుగురి భోజనం ఒక్కడే లాగిస్తాడు.

"నన్నేం చేయమంటావు మా?" అన్నాడు ఆదెప్ప.

"తినాల. ఆయనకు ఎవరేమిచ్చినా ఆయన బదులు నువ్వు తినాల."

"ఇంతకాలానికి నాకు తగిన పని దొరికింది!"

పొద్దు పొడవగానే పుంగనూరు నుంచి పరుగు మొదలైంది. జబ్బార్ తోలే టెంపోలో బిడ్డతో మైమూన్, ఆదెప్ప వెనకే వచ్చారు. మైమూన్ వేసిన ఎత్తు బాగా పారింది. ఎవరైనా పళ్లెంతో ఎదురొస్తే ఆదెప్ప టెంపో దిగి, "పీరన్న తిన్నట్టే తల్లీ" అని రెండు చేతులా అందుకునేవాడు. వాళ్లు నవ్వి పెట్టేవాళ్లు. పీర్ సాహెబు చేతులెత్తి దండం పెట్టి ముందుకు సాగేవాడు. మధ్యమధ్యలో మైమూన్ అందించిన నిమ్మరసం తప్ప అతని గొంతులో ఇంకేదీ దిగలేదు. మదనపల్లె దాటేటప్పుడు కూడా అడుగు చెదరలేదు.

చెదిరింది ఆదెప్పకే. అంగళ్లు ఊరు వచ్చేసరికి ఖాళీ టమోటా పెట్టెల నడుమ వెల్లకిలా పడుకున్నాడు.

"ఇంగ చెనక్కాయ పేరెత్తితే దూకేస్తా," అన్నాడు.

"నాలుగు ఊళ్లకే ఇట్లయితే ఎట్లప్పా?" అని జబ్బార్ ఎగతాళి చేశాడు.

కొండ మొదట్లో గంగులమ్మ ఇత్తడి చెంబుతో రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. పోయినేడు పీర్ సాహెబు కూలబడితే తన ఇంటికి మోయించుకుపోయి పడుకోబెట్టింది ఆమే.

"పాయసం. నా బిడ్డ తాగినాకనే కొండెక్కాల."

అడుగులు నెమ్మదించాయి. పీర్ సాహెబు చెయ్యి చెంబు వైపు సాగింది. ఆమెకు మాత్రం ఎలా కాదంటాడు? బదులు తాగవలసినవాడు తల కూడా ఎత్తలేకుండా ఉన్నాడు.

మైమూన్ బిడ్డతో సహా టెంపో దిగింది.

"నువ్వు పో అజీ, నిలబడొద్దు!" అని మొగుణ్ణి కసిరి, గంగులమ్మ వైపు తిరిగింది. "అమ్మా, ఇప్పుడు తాగితే మళ్లా మీ ఇంట్లోనే పడుకోబెట్టాల్సి వస్తాది. చెంబు నాకియ్యి. పైన తాగిస్తా."

"నా చెంబు యాడికీ ఒంటిగా పోదు."

"అయితే నువ్వూ ఎక్కు."

గంగులమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. చెంబుకు కొంగు కప్పి జబ్బార్ పక్కన ఎక్కి కూర్చుంది.

ఇక మలుపు మలుపుకూ టెంపోలోంచి ఆమె గొంతే. "సూడు, ఆ రాయి దాటితే చల్లగుంటాది! పో నాయనా, పాయసం ఆరిపోతాండాది!" పోయినేడు కూలబడిన మలుపు వచ్చింది. మైమూన్ బిడ్డను గుండెకు హత్తుకుంది. పీర్ సాహెబు ఆ చోటు వైపు చూడనైనా చూడకుండా దాటాడు.

కొండ పైన నీలగిరి చెట్ల మొదళ్ల మీద ఇంకా ఎండ ఉంది. పీర్ సాహెబు చివరి బండను చేత్తో తాకి, అక్కడే చతికిలబడి నవ్వాడు. గంగులమ్మ చెంబు ఎత్తి అతని నోట్లో పోసింది. ఒక్క చుక్క మిగల్చలేదు.

మైమూన్ అతని మెడ మీద చెమట తుడుస్తోంది. ఇంకా ఆయాసం తీరకుండానే అతను బావమరిది వైపు తిరిగాడు.

"జబ్బార్, మీ కుప్పం నుంచి ఈడికి ఎంత దూరముంటాది?"

మైమూన్ తువ్వాలు ఆపి ఆదెప్ప కోసం చూసింది.

పెట్టెల మధ్య నుంచి మూలుగు వినిపించింది. "ఇంకొకణ్ణి కూడా పిలువు మా. నా ఒక్కడి వల్ల కాదు."